నాన్న లేకుండా పెరిగిన కుర్రాళ్లకి ఈ గుండెదడ ఎందుకు, ఏం చేస్తే తగ్గుతుంది

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు నువ్వు చెప్పింది క్లుప్తంగా రాస్తున్నా. నీకు 24 ఏళ్లు, ఐదో క్లాసులో ఉండగా నాన్న ఇల్లొదిలి వెళ్లిపోయారు, వేరే ఊళ్లో వేరే కుటుంబం ఉందని చుట్టాల ద్వారా తెలుసు, ఇంట్లో మాత్రం ఆయన పేరెత్తరు. అమ్మ మిషన్ కుట్టి నిన్నూ చెల్లినీ చదివించింది. అమ్మా చెల్లీ వైజాగ్ గాజువాకలో ఉంటారు, నువ్వు ఉద్యోగం కోసం అదే ఊళ్లో మధురవాడలో ఫ్రెండ్స్‌తో రూమ్‌లో ఉంటున్నావు. మేనేజర్ "ఒకసారి క్యాబిన్‌కి రా" అని మెసేజ్ పెడితే చేతులు చల్లబడిపోతాయి, రాత్రి ఫోన్ మోగితే అమ్మకి ఏదో అయిపోయిందనిపిస్తుంది, ఒకరోజు ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక బస్సులో గుండె పట్టేసినట్టయి చచ్చిపోతున్నాననుకుని దిగిపోయి క్యాజువాల్టీకి పరిగెత్తావు, ఈసీజీ నార్మల్, ఇంటికెళ్లమన్నారు. నువ్వు అడిగినవి మూడు. ఇదంతా నాన్న లేకపోవడం వల్లేనా, జీవితాంతం ఇలాగే ఉంటుందా, రేపు నాకు పిల్లలు పుడితే తండ్రిగా ఎలా ఉండాలో నాకేం తెలుస్తుంది.

నేను క్లినికల్ సైకాలజిస్టుని, వైజాగ్‌లోనే పని చేస్తున్నాను, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నీ వయసు కుర్రాళ్లే, వాళ్లలో నాన్న లేని ఇంట్లో పెరిగినవాళ్లు చాలామంది. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు సూటిగా జవాబు. నాన్న లేకపోవడానికీ దీనికీ కొంత సంబంధం ఉంది. జీవితాంతం ఉంటుందా అంటే, ఉండక్కర్లేదు, మానసిక సమస్యలన్నిట్లో వైద్యానికి బాగా లొంగేవాటిలో ఈ ఆందోళన సమస్యలు ఉంటాయి. మూడోదాని సంగతి కింద చెప్తా.

సంబంధం ఉంది అన్నాను కదా, అది ఎలాంటిదో చాలామందికి తెలీదు. "మగాడిలా ఎలా ఉండాలో చూపించేవాడు లేడు, అందుకే పిరికిగా తయారయ్యాడు" అని మీ పెదమ్మ ఎవరితోనో అనడం విన్నానని రాశావు. ఆ మాట మనసులోంచి తీసెయ్. 2013లో అమెరికాలో సారా మెక్లనహన్ అనే సోషియాలజిస్టు, ఇంకో ఇద్దరు కలిసి తండ్రి దూరమైన పిల్లల మీద అప్పటిదాకా గట్టి పద్ధతుల్లో జరిగిన అధ్యయనాల్ని దగ్గర పెట్టుకుని చూశారు. చదువులో మార్కులు తగ్గుతాయి అనడానికి ఆధారం అంత గట్టిగా దొరకలేదు, చిన్నప్పటి ప్రవర్తన మీద, పెద్దయ్యాక మానసిక ఆరోగ్యం మీద ప్రభావం ఉంటుంది అనడానికి మాత్రం బలమైన ఆధారం దొరికింది. అంటే రిస్క్ పెరుగుతుంది. రిస్క్ పెరగడం అంటే రాసిపెట్టి ఉండటం కాదు, బీపీ ఉన్నవాళ్ల పిల్లలందరికీ బీపీ రాదుగా.

పైగా నాన్నతోపాటు ఇంట్లోంచి వెళ్లిపోయేవి చాలా ఉంటాయి. జీతం పోతుంది, అద్దె కట్టలేక ఇల్లు మారతారు, ఇల్లు మారితే స్కూల్ మారుతుంది, ఫ్రెండ్స్ పోతారు, అమ్మ లోపల్లోపలే కుంగిపోతుంది, పెళ్లిళ్లకీ పేరంటాలకీ పిలుపులు తగ్గిపోతాయి, పిలిచినా ఓ మూల కూర్చుని రావాల్సి వస్తుంది. పిల్లాడు ఇవన్నీ చూస్తూనే ఉంటాడు. రోజూ తాగొచ్చి కొట్టే తండ్రి ఉన్న ఇంట్లో ఆయన వెళ్లిపోయాక పిల్లలు హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టిన కేసులు కూడా నేను చూశాను. అందుకే ఎవరు లేరు అన్నదానికంటే, లేకపోయాక ఇంట్లో ఏం జరిగింది అన్నది ముందు అడుగుతాను.

మన ఊళ్లో నాన్న దూరంగా ఉండటం కూడా ఒక్క రకం కాదు. ప్లాంట్‌లోనో పోర్ట్‌లోనో ప్రమాదంలో పోయినవాళ్లు ఉంటారు, మర్చంట్ నేవీలో ఆర్నెల్లు సముద్రం మీద ఉండేవాళ్లు, గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉంటారు. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మత్స్యకార పల్లెల్లో మగాళ్లు గుజరాత్ వెరావల్ వెళ్లి బోట్ల మీద నెలల తరబడి పని చేస్తారు, 2018 నవంబర్‌లో పాకిస్తాన్ వాళ్లు పట్టుకెళ్లిన మనవాళ్లలో 20 మందిని 2020 జనవరిలో గానీ వదల్లేదు, అన్నాళ్లూ ఆ ఇళ్లల్లో పిల్లలు నాన్న ఉన్నాడో లేడో తెలీకుండానే బడికెళ్లారు. చనిపోయిన తండ్రికైతే దినం చేస్తారు, ఫొటోకి దండ వేస్తారు, నలుగురూ వచ్చి ఏడుస్తారు, పిల్లాడికి ఏడవడానికి ఒక రోజు దొరుకుతుంది. నీలాగా తండ్రి బతికే ఉండి వేరే ఇంట్లో ఉన్న పిల్లాడికి ఆ రోజు రాదు. ఇలాంటి తెగని దుఃఖం మీద పాలీన్ బాస్ అనే ఆవిడ 1970ల నుంచీ పని చేసింది, వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల భార్యలతో మొదలుపెట్టింది. మనిషి పోయాడని అనుకోలేరు, ఉన్నాడనీ అనుకోలేరు, ఆ మధ్యలో మనసు ఎప్పుడూ తలుపు వైపే చూస్తూ ఉంటుంది. నీ ఇంట్లో దాని మీద ఇంకోటి కూడా చేరింది, పేరెత్తకపోవడం. అడగకూడని ప్రశ్న ఉన్న ఇంట్లో పెరిగే పిల్లాడు అందరి ముఖాలూ చదవడం నేర్చుకుంటాడు, అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయా, గిన్నె పెట్టిన చప్పుడు గట్టిగా ఉందా అని. ఇప్పుడు మేనేజర్ మెసేజ్‌లో స్మైలీ ఉందా లేదా అని పదిసార్లు చూస్తున్నది ఆ అలవాటే.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు రాసినదాంట్లో ఒక లైన్ దగ్గర నేను ఆగాను. నాన్న వెళ్లిపోయిన వారంలో మీ మావయ్య వచ్చి నీ భుజం మీద చెయ్యేసి "ఇక నుంచి ఈ ఇంటికి మగదిక్కు నువ్వేరా, అమ్మనీ చెల్లినీ నువ్వే చూసుకోవాలి" అన్నాడని రాశావు. ఆయన ప్రేమతోనే అన్నాడు, మన ఇళ్లల్లో అందరూ అనేదే. కానీ పదేళ్ల పిల్లాడికి అది నిజంగా డ్యూటీ ఆర్డర్‌లా వెళ్లిపోతుంది. గాజువాకలో పెరిగావు, సి షిఫ్ట్ అంటే రాత్రంతా చేసే డ్యూటీ అని నీకు చెప్పక్కర్లేదు. నీకు ఆ రోజు సి షిఫ్ట్ వేశారు, నిన్ను దించి డ్యూటీ అందుకునే రిలీవర్‌ని పంపలేదు. పధ్నాలుగేళ్లుగా ఆ డ్యూటీలోనే ఉన్నావు. గ్యాస్ అయిపోతుందేమో, ఓనర్ ఖాళీ చేయమంటాడేమో, అమ్మకి జ్వరం తగ్గకపోతే ఎలా, చెల్లి ట్యూషన్ నుంచి లేటయింది ఏంటి, ఇవన్నీ ఆ వయసు పిల్లాడు మోసే బరువులు కావు, చేతిలో డబ్బులుండవు, పెద్దవాళ్లతో మాట్లాడే చొరవ ఉండదు, చేయగలిగింది ఒక్కటే, కంగారు పడటం. కంగారు పడితేనే ఏదో చేస్తున్నట్టు ఉంటుంది. కంగారు పడ్డ రోజు ఏమీ అవ్వకపోతే, నేను కాపలా ఉన్నాను కాబట్టే ఏమీ అవ్వలేదు అని మనసు లెక్క వేసుకుంటుంది. ఇప్పుడు నీకు ఉద్యోగం ఉంది, చెల్లి డిగ్రీకి వచ్చింది, అమ్మ ఆరోగ్యంగానే ఉంది, అయినా ఒంటికి ఆ షిఫ్ట్ అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. నాన్న లేని కుర్రాళ్లలో నేను చూసే ఆందోళనలో ఎక్కువ భాగం ఇదే. తండ్రి లేకపోవడం కంటే తండ్రి పని పిల్లాడి మీద పడటం ఎక్కువ దెబ్బ తీస్తుంది.

దీన్ని మార్చడానికి చేతల్లో చేసేది ఒకటుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని నువ్వు రోజూ దేని గురించి కంగారు పడుతున్నావో అన్నీ రాయి, పక్కన అది ఎవరి పనో రాయి. ఇంటద్దెలో నీ వాటా, చెల్లి ఫీజు, ఇవి నీవి, ఒప్పుకున్నావు కాబట్టి చెయ్. అమ్మ మాత్రలు టైమ్‌కి వేసుకోవడం అమ్మ పని, ఆవిడకి నలభై ఏడేళ్లు, నీకంటే లోకం చూసిన మనిషి, నువ్వు గుర్తు చేస్తే చాలు. చెల్లి పెళ్లి కట్నం గురించి ఇప్పుడే నిద్ర మానుకుంటున్నావు, ఆ పిల్ల ఇంకా సెకండియర్‌లో ఉంది, అది ఈ రోజు ఎవరి పనీ కాదు. ఒకేసారి అన్నీ వదిలెయ్యలేవు, కాబట్టి నెలకి ఒక్కటి. రోజుకి ఆరుసార్లు అమ్మకి ఫోన్ చేసి తిన్నావా పడుకున్నావా అని అడుగుతున్నావు కదా, మొదట దాన్ని రెండుకి తగ్గించు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మొదటి వారం ఆందోళన పెరుగుతుంది, పెరగనీ. మూడో వారానికి ఫోన్ చెయ్యకపోయినా అమ్మ బాగానే ఉందని ఒంటికి తెలియడం మొదలవుతుంది. ఫోన్ చేసి తెలుసుకున్న ధైర్యం గంటే ఉంటుంది, చెయ్యకుండా తెలుసుకున్నది నిలబడుతుంది.

బస్సులో జరిగింది పానిక్ అటాక్ అయ్యుండాలి. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే అడ్రినలిన్ వదులుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి గబగబా తీసుకుంటావు, అలా తీసుకోవడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఛాతీ బిగుసుకుంటుంది, అది చూసి గుండెపోటే అనుకుని ఇంకా భయపడతావు, భయం మళ్లీ అడ్రినలిన్. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి వెళ్లి తర్వాత దానంతటదే దిగుతుంది. దానివల్ల ఎవరూ చచ్చిపోరు, పిచ్చెక్కదు. మళ్లీ వస్తే బస్సు దిగకు. సీట్లో కూర్చుని ఊపిరి పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు చెయ్, నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరేడు దాకా మెల్లగా వదులు, ఇది పానిక్, తెలిసినదే, వెళ్లిపోతుంది అనుకో. దిగిపోతే ఆ క్షణానికి బతికినట్టే ఉంటుంది కానీ మర్నాటి నుంచి బస్సే ప్రమాదంలా కనిపిస్తుంది, తర్వాత ఆటో, తర్వాత లిఫ్ట్, నా దగ్గరికి ఒకతను వచ్చేసరికి రూమ్ నుంచి ఆఫీసుకి నడిచే దూరం తప్ప ఎక్కడికీ వెళ్లలేని స్థితికి వచ్చాడు.

అయితే ఒకసారి ఒంటి పరీక్షలు చేయించు, అది మానకు. ఈసీజీ అయింది, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూపించు, థైరాయిడ్ ఎక్కువ పని చేసినా ఇవే లక్షణాలొస్తాయి. ఎనర్జీ డ్రింకులు, నైట్ షిఫ్ట్‌లో నాలుగైదు కాఫీలు, సిగరెట్లు, ఇవి దడని పెంచుతాయి. గంజాయి గురించి ప్రత్యేకంగా చెప్తున్నా, నువ్వు రాయలేదు గానీ మన ఏరియాలో ఎంత తేలిగ్గా దొరుకుతోందో తెలుసు, రిలాక్స్ అవుతామని మొదలుపెట్టిన కుర్రాళ్లకి దాని మీదే మొదటి పానిక్ రావడం మామూలైపోయింది. అలాగే మెడికల్ షాపులో ఎవరో చెప్పారని నిద్రమాత్రలు, ఆల్ప్రజోలామ్ లాంటివి కొనుక్కుని వేసుకోకు, అరగంటలో హాయిగా ఉంటుంది, కొన్ని వారాల్లో అది లేకపోతే ఉండలేని పరిస్థితి వస్తుంది.

మేనేజర్ సంగతికొస్తే, పెద్ద వయసు మగాడు, అధికారం ఉన్నవాడు, అలాంటి మనిషితో రోజూ మామూలుగా మాట్లాడే అవకాశం నీకు చిన్నప్పుడు దొరకలేదు. నాన్న ఉన్న పిల్లలు తిట్లు తింటారు, అలుగుతారు, సాయంత్రానికి కలిసి అన్నం తింటారు, పెద్దమనిషికి కోపం వచ్చినా బంధం తెగదని వాళ్లకి ఒంట్లో ఇంకిపోతుంది. నీకు తెలిసిన పెద్ద మగాడు కోపమొచ్చి వెళ్లి మళ్లీ రాలేదు. అందుకే మేనేజర్ గొంతు పెరిగితే ఉద్యోగం పోయిందనే అనిపిస్తుంది. దీనికి మందు చిన్న చిన్న మాటలు. ముందు సెక్యూరిటీ గార్డుతో రోజూ రెండు మాటలు, తర్వాత టీ దగ్గర టీమ్ లీడ్‌తో, తర్వాత మేనేజర్ పిలవకముందే నువ్వే వెళ్లి ఒక చిన్న డౌట్ అడుగు. వెళ్లేముందు ఏమవుతుందనుకుంటున్నావో ఫోన్‌లో రాసుకో, వచ్చాక నిజంగా ఏమైందో దాని కింద రాయి. నెల తర్వాత ఆ రెండూ చదువు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ అంటారు, దాంట్లో ముఖ్యమైన పని ఇదే, మంచి థెరపిస్ట్ దగ్గర వారానికొకటి చొప్పున పన్నెండు పదిహేను సిట్టింగులు పడుతుంది.

ఇంకోటి ఎవరూ మాట్లాడరు. కొన్ని పనులు ఎవరూ చూపించకపోవడం. ఒక కుర్రాడు బైక్ సర్వీసింగ్‌కి ఇవ్వడానికి నెలల తరబడి వాయిదా వేశాడు, మెకానిక్ ఏదో అడిగితే తెలియదని నవ్వుతాడని. గెడ్డం గీసుకోవడం, టై కట్టుకోవడం, బ్యాంకులో గట్టిగా అడగడం, ఓనర్‌తో అడ్వాన్స్ బేరమాడటం, ఇవన్నీ మిగతావాళ్లు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవి. నీకు రాకపోతే అది జబ్బు కాదు, నేర్చుకోలేదంతే. ఇందుకు ఒకే మనిషి అన్నీ ఇవ్వక్కర్లేదు. బండి సంగతి తెలిసిన పక్కింటి అంకుల్ ఒకరు, డబ్బు సంగతి చెప్పే సీనియర్ ఒకరు, మనసు బాగోనప్పుడు పక్కన కూర్చోగలిగే మావయ్యో పాత పీఈటీ సారో ఒకరు. హవాయిలో కవాయి అనే దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు, ఆవిడ బృందం వాళ్లకి నలభై ఏళ్లు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు, పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు ఉన్న ఇళ్లల్లో పెరిగిన పిల్లల్లో మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు, వాళ్లలో చాలామందికి కనీసం ఒక నమ్మకమైన పెద్ద మనిషి దొరికారు, తాతో అమ్మమ్మో టీచరో పక్కింటివాళ్లో. ఆ మనిషి తండ్రే అవ్వాలని లేదు. నీ కేసులో అమ్మ ఇన్నేళ్లూ ఆ మనిషే, అది మర్చిపోకు. పొద్దున్నే బీచ్ రోడ్‌లోనో యూనివర్సిటీ గ్రౌండ్‌లోనో ఆడే బ్యాచ్‌లో అన్ని వయసులవాళ్లూ ఉంటారు, చేరు. ఒంటికి మంచిది, పెద్దవాళ్లతో మాట అలవాటవుతుంది.

అప్లికేషన్లలో తండ్రి పేరు గడి దగ్గర చెయ్యి ఆగిపోతుందని రాశావు. దానికి కొంత దారి ఉంది. 2016 డిసెంబర్ నుంచి పాస్‌పోర్ట్‌కి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇస్తే చాలు. పాన్ కార్డుకి 2018 డిసెంబర్ 5 నుంచి తల్లి ఒక్కరే పెంచిన వాళ్లకి తండ్రి పేరు తప్పనిసరి కాదు. ధైర్యంగా అమ్మ పేరు రాయి.

నాన్నని కలవాలా వద్దా అని సగంలో రాసి వదిలేశావు. కలిస్తేనే తగ్గుతుందని ఏమీ లేదు, కలవకుండానే బాగుపడినవాళ్లు ఎక్కువ. కలవాలనిపిస్తే ముందు ఒక్క విషయం తేల్చుకో, ఆయన నుంచి ఏం కావాలని వెళ్తున్నావు. క్షమాపణ కోసమైతే అది దొరక్కపోవచ్చు, ఆ రోజుకి సిద్ధపడి వెళ్లు. ముఖం చూడాలని, రెండు విషయాలు అడగాలని అయితే వెళ్లు, అమ్మకి చెప్పి వెళ్లు. ఆందోళన బాగా ఉన్న ఈ నెలల్లో మాత్రం వద్దు.

వైద్యం సంగతి. నువ్వు రాసిన దాన్ని బట్టి ఇది ఆర్నెల్లు దాటింది, నిద్రా ఉద్యోగం రెండూ దెబ్బ తింటున్నాయి, కాబట్టి ఒకసారి సైకియాట్రిస్ట్‌కి చూపించుకోవాల్సిందే. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంది, కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనూ చూస్తారు. చినవాల్తేరు పేరు చెప్తే మనూళ్లో చిన్నప్పటి నుంచీ వెటకారం, దాని గేటు లోపలికి ఒకసారి వెళ్లి ఓపీ లైన్‌లో చూడు, నీలాంటి ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న అమ్మలు ఉంటారు. ఇప్పుడే వెళ్లలేనంటే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టర్ ఆందోళన తగ్గించే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మాత్రలు రాస్తే భయపడకు, అవి అలవాటు పడే మత్తుమందులు కావు, పని చెయ్యడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారం కాస్త కడుపులో తిప్పడం, దడ పెరగడం ఉండొచ్చు, డాక్టర్‌ని అడక్కుండా మధ్యలో ఆపకు. ఆఫీసుకి తెలుస్తుందేమోనని భయపడ్డావు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. ఎప్పుడైనా చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, ఆ రాత్రే రూమ్‌మేట్‌ని లేపు, 14416కి చెయ్ లేదా క్యాజువాల్టీకి వెళ్లు.

తండ్రిగా ఎలా ఉండాలో తెలీదు అన్నావు. నాన్న ఉన్నవాళ్లలో కూడా చాలామందికి తెలీదు. పిల్లలకి కావాల్సింది సాయంత్రం ఇంటికొచ్చే మనిషి, చెప్పిన మాట నిలబెట్టుకునే మనిషి, కోపమొచ్చినా తర్వాత వచ్చి పక్కన కూర్చునే మనిషి. చెల్లికి టెన్త్‌లో రోజూ లెక్కలు చెప్పి పడుకోబెట్టేవాణ్ణి అని రాశావు. అందులో సగం పని అప్పుడే చేశావు. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే, రేపు నీ కొడుక్కి నీ భయాలన్నీ చెప్పుకుని వాడికి కూడా కాపలా డ్యూటీ వేయకు, అందుకోసమైనా ఇప్పుడు వైద్యం చేయించుకో.

అమ్మకి ఎలా చెప్పాలో తెలీక ఆగావు. నాన్న విషయంతో మొదలుపెట్టకు, ఆవిడ తనని తప్పుపడుతున్నావనుకుంటుంది. "అమ్మా, కొన్నాళ్లుగా గుండెదడగా ఉంటోంది, నిద్ర పట్టట్లేదు, డాక్టర్‌కి చూపించుకుంటున్నా" అని చెప్పు, ఆదివారం గాజువాక వెళ్లినప్పుడు, చెల్లి లేనప్పుడు. "ఏటయిందిరా నీకు" అని కంగారు పడుతుంది, పడనీ, ఆవిడకి సర్దిచెప్పే బాధ్యత నెత్తిన వేసుకోకు. మాటల్లో ఎక్కడో అన్నావు, ఆవిడ కూడా తెల్లవార్లూ మిషన్ ముందు కూర్చునే ఉంటుందని, పడుకుంటే నిద్ర రాదంటుందని. ఆవిడ మోసింది నీకంటే ఎక్కువ కదా. నీతోపాటు ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు, అదే రోజు, అదే ఓపీలో ఇద్దరికీ చీటీ రాయించు.